బ్యాగులో పేలిన జీలుగు కల్లు

మొన్నటి ఎండాకాలం, శని ఆదివారాలు సరదాగా గడుపుదామని నేనూ మావారూ చర్ల దగ్గర స్నేహితురాలి ఊరెళ్లాం. శనివారం సాయంత్రమంతా డోలు పాటలు వింటూ జీలుగు కల్లు తాగాం. మర్నాడు మిగిలిన కల్లు సీసాలో పోసుకొని బయల్దేరాం. నురగ పొంగి బట్టలు పాడవుతాయని మూత నేనే గట్టిగా బిగించాను.

దారిలో మావోయిస్టుల కోసం తనిఖీ చేస్తున్న పోలీసులు బండి ఆపారు.

"ఏం పని చేస్తవ్?" ఒక జవాను అడిగాడు.

"బొగ్గుబాయిల బ్లాస్టింగ్ పని సార్," గర్వంగా చెప్పారు మావారు.

అప్పుడే బ్యాగులో 'ఢాం'మంది! తుపాకులన్నీ మా వైపు తిరిగాయి. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"కల్లు సార్, కల్లు!" చేతులెత్తి అరిచాను.

బ్యాగులోంచి పులిసిన నురగ కారింది. వాసన తగిలాకే జవాను తుపాకీ దించాడు.

"మూత గట్ల బిగిస్తరా అమ్మా?" అన్నాడు.

ఇప్పటికీ ఆ దారిలో ఎవరు ఆపినా, మావారు తడుముకోకుండా "వ్యవసాయం సార్" అంటారు.