నీళ్ల గొట్టంలో జిగురు

ఆమెను వీధిలో అందరూ మిరపకాయ అనేవారు. ఎదురుగా మాత్రం ఎవరూ అనలేదు, ఆ నోటికి జడిసి. మొగుడు పోయాక కోళ్ల షెడ్డును ఒంటిచేత్తో నడిపింది. తోడికోడలు అక్కడే పనిచేసేది. రెట్ట ఎత్తడం, తొట్లు కడగడం ఆమె వంతు.

ఆ ఏడు కోడిపిల్లల్ని దించిన వారానికే చావులు మొదలయ్యాయి. రెక్కలు వాల్చి, వెనక తెల్లటి రెట్ట అంటుకుపోయి, ఒకదాని మీద ఒకటి ముడుచుకుని పోయేవి. పశువుల డాక్టరు చచ్చినదాన్ని కోసి చూశాడు.

"పేగులో క్రిమి పట్టింది. మందేస్తే తగ్గినట్టే ఉంటుంది. బతికినవాటిలో కొన్నిటి పేగుల్లో నక్కి కూర్చుంటుంది. కోడి కులాసాగానే తిరుగుతుంది, రెట్టలో మాత్రం క్రిమిని వదులుతూనే ఉంటుంది. అన్నిటినీ తీసేసి షెడ్డంతా కడగండి. పిల్లలకి నీళ్లందించే గొట్టాలు కూడా విప్పండి."

"బంగారంలాంటి గొట్టాలు. విప్పితే కారతాయి," అంది మిరపకాయ.

గోడలు కడిగారు, సున్నం కొట్టారు. కొత్త పిల్లలొచ్చాయి. మళ్లీ అవే చావులు.

మిరపకాయ పనివాళ్లందరి ముందు తోడికోడలి మీద విరుచుకుపడింది. "పైపైన నీళ్లు చల్లి కడిగానంటావా? నా కొంప ఆరిపోవాలనే కదే నీ ఏడుపు!"

"గోళ్లరిగేలా కడిగానక్కా!"

"నోర్ముయ్! గేటు దాటు!" బకెట్టు ఆమె వెనకాలే గిరాటేసింది.

తర్వాత దించిన పిల్లలూ రాలిపోయాయి. ఈసారి తిట్టడానికి తోడికోడలు లేదు. డాక్టరు అడక్కుండానే గొట్టం ఊడదీశాడు. లోపల వేలెడు మందాన కంపుకొట్టే జిగురు.

"రోజూ మీరు కలిపే విటమిన్ నీళ్లే దీనికి మేత. ఈ జిగురులో దాక్కున్న క్రిమికి ఏ మందూ అందదు."

ఆ నీళ్లు మిరపకాయ ఎవరినీ ముట్టనిచ్చేది కాదు, తనే కలిపేది.

గొట్టాలన్నీ మార్చాక పిల్లలు నిలబడ్డాయి. అప్పుడు మిరపకాయ, తోడికోడలు ఇస్త్రీ చేస్తున్న దుకాణానికి వెళ్లింది.

"షెడ్డు బాగుపడింది. రా."

"ఎవరి ఏడుపు తగిలి చచ్చాయో ఆ పనివాళ్లకి చెప్పావా?"

"ఇప్పుడు నీ కాళ్లు పట్టుకోమంటావా?"

"కాళ్లెందుకు? నన్ను తిట్టినచోటే నిలబడి, 'తప్పు నాదే' అని ఒక్క ముక్క అను. వస్తా."

మిరపకాయ పెదవులు కదిలాయి. "పొగరుమోతు," అని మాత్రం వచ్చింది.

తోడికోడలు తలెత్తకుండా చొక్కా మడత పెట్టింది.

మిరపకాయ ఇప్పటికీ షెడ్డులో పొద్దున్నించీ అందరినీ తిడుతూనే ఉంటుంది. తోడికోడలి మాట ఎవరైనా ఎత్తితే మాత్రం నోరు కట్టేసుకుని అవతలికి వెళ్లిపోతుంది.