మునిరాజు తీసేసిన లైను

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. కంప్యూటర్‌లో జరిగే ప్రతిదానికీ ఎక్కడో ఒక కారణం ఉంటుందని చదువుకున్నవాణ్ణి.

రెండు వేల దశకం మధ్యలో తమిళనాడు అంచున, కర్ణాటక పక్కనే ఉన్న హోసూరులోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేసేవాణ్ణి. మా ప్రోగ్రాంలో ఆరు మాడ్యూళ్లు, అంటే భాగాలు. ఆరింటికీ కావలసిన లైబ్రరీలు, అంటే ముందే రాసిపెట్టిన కోడ్, ఒకటే. దేనికి ఏ వెర్షన్ వాడాలో ఒకే ఉమ్మడి ఫైలులో రాయాలి, మార్చేముందు అందరికీ చెప్పాలి. ఆ పద్ధతి పెట్టింది జవళగిరి మునిరాజు.

ఎవరైనా తమ మాడ్యూల్లో విడిగా వెర్షన్ రాసుకుంటే ఊరుకునేవాడు కాదు. "ఏమప్పా, నీ మాడ్యూలేమన్నా కర్ణాటకలో ఉండాదా? చెప్పి మార్చప్పా!"

ఒక శుక్రవారం తొందరలో నేను ఆ పనే చేశాను, నా మాడ్యూల్లో ఒక లైను రాసి. శనివారం పొద్దున, ఆరింటినీ కలిపి ప్రోగ్రాం తయారుచేసే బిల్డ్ ఆగిపోయింది. మేనేజర్ ఉమ్మడి ఫైలునే అనుమానించి, సెలవని సొంతూరు జవళగిరిలో ఉన్న మునిరాజుకు ఫోన్ చేశాడు. తప్పు నాదని నాకు తెలుసు. పక్కనే నిలబడి నోరు మెదపలేదు.

"వస్తా ఉండాను సార్" అన్నాడట.

దారిలో తళి ఊరు దాటాక అతని బైకును లారీ గుద్దింది. పన్నెండున్నరకు ప్రాణం పోయిందని ఆస్పత్రి కాగితంలో ఉంది. కబురు తెలిసి ఒంటిగంటకు అందరం పరుగెత్తాం. ఆఫీసుకు తాళం వేసింది నేనే.

సోమవారం అందరికంటే ముందు వెళ్లాను, నా లైను చెరిపేద్దామని. అది అప్పటికే లేదు. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో నమోదయ్యే లాగ్‌లో మునిరాజు పేరు. శనివారం, మధ్యాహ్నం రెండూ పది. కింద, ఎప్పటిలాగే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: "తప్పు నాదే. ఎవుర్నీ అడగొద్దండి."

సర్వర్ గడియారం సరిగానే ఉంది. బయటినుంచి సర్వర్‌లోకి వెళ్లే దారి లేదు. ఉన్న ఒక్క తాళంచెవి రెండు రోజులూ నా జేబులోనే ఉంది.

"పాపం, ఒప్పుకొని పోయినాడు" అన్నాడు మేనేజర్, పేరు మాత్రమే చూసి. ఇక ఆగలేక నిజం చెప్పేశాను. జవళగిరి వెళ్లి వాళ్లమ్మకూ చెప్పాను.

"ఆ మాట నువ్వు ఫోన్లోనే అనుంటే, ఏం తీయల్లో ఈడ్నించే చెప్పేవాడు గదప్పా" అంది ఆమె.

ఆ లాగ్ కాగితం నా దగ్గరే ఉంది. ఇన్నేళ్లుగా చదువుతూనే ఉన్నాను. పేరు అదే, టైము అదే. కారణం మాత్రం దొరకలేదు.