ఎడారి పైపులైను, శివారు ఎకరం

కాస్త ఇటు జరగండమ్మా, ఫ్యాను గాలి అక్కడిదాకా రాదు. చేతిలో కూరగాయలుంటే ఇక్కడే కూర్చుని తరుక్కోండి, నాకేం అడ్డం కాదు. చెవులు మాత్రం నాకివ్వండి. మా అక్క గురించి చెబుతాను. అయిదో తరగతితో చదువు ఆపేసిన మా అక్క, దేశాలు కొట్టుకుంటే తన ఎకరాన్ని ఎలా కాపాడుకుందో చెబుతాను.

నన్ను తెనాలి ఇచ్చారు. అక్కను రేపల్లె దగ్గర, చెరుకుపల్లి దాటి లోపలికి వెళ్లే ఊరికి ఇచ్చారు. కాలువ చిట్టచివర ఉంటుందా ఊరు. పైన ఊళ్లన్నీ తడిశాక మిగిలిన నీళ్లే వాళ్ల పొలాలకు అందాలి. అందుకే వాటిని శివారు భూములంటారు.

మా బావ వెల్డరు. ఎడారి దేశంలో తొమ్మిదేళ్లు పనిచేశాడు. అక్కడ భూమిలోంచి చమురు తోడి, పైపుల్లో పక్క దేశం మీదుగా సముద్రం ఒడ్డుకు పంపి ఓడలకెక్కిస్తారట. ఆ పైపులను అతికినవాళ్లలో మా బావ ఒకడు. తిరిగొచ్చాక, ఆ చమురు బావుల్లో వాటా ఉన్న మన దేశపు కంపెనీ ఒకటుందని ఎవరో చెబితే, తెచ్చుకున్నదాంట్లో చాలా భాగం పెట్టి దాని షేర్లు కొన్నాడు. బంగారం కొనమని అందరం మొత్తుకున్నాం.

"నేనతికిన గొట్టం మరదలా! చుక్క కారదు. దాంట్లో పెట్టిన డబ్బు ఎక్కడికి కారిపోద్ది?" అనేవాడు నాతో.

తర్వాత కొన్నేళ్లకే బావ జబ్బు చేసి పోయాడు. షేర్లు అక్క పేరుకు మారాయి. అక్క వాటి జోలికే వెళ్లలేదు. ఎకరం కౌలుకు చేసుకుంటూ, వరి అయ్యాక మినుము చల్లుకుంటూ కాలం గడుపుకుంది.

ఆ ఎకరం బాపట్లలో ఉండే ఒక రిటైరైన మాస్టారిది. అక్క పద్దెనిమిదేళ్లు చేసింది దాన్ని. ఏ మూల పల్లమో, ఏ మూల ఎండాకాలం ఉప్పు పైకి తేలుతుందో కళ్లు మూసుకుని చెప్పేది. ఒక ఏడాది మినుము మొలకెత్తిన రోజుల్లో మాస్టారు కబురు పెట్టారు. ఆయన భార్యకు మోకాళ్ల ఆపరేషను చేయించాలి, పొలం అమ్మేస్తున్నారు. చేపల చెరువులు తవ్వించే ఒకాయన బేరానికి వచ్చి కూర్చున్నాడు.

"ఆయనిచ్చే ధర నువ్వివ్వగలిగితే ముందు నీకే అమ్మాయ్. మినుము పీకేలోపు ఏ సంగతీ చెప్పు," అన్నారు మాస్టారు.

షేర్లన్నీ అమ్మితే ఎకరానికి సరిగ్గా సరిపోతుంది. ఆ వారమే అమ్మేయమన్నాను. అక్క వినలేదు. "మీ బావ సొమ్ము కదే. పదిహేను రోజుల్లో ఆయన తద్దినం వస్తోంది. ఆయనకింత ముద్ద పెట్టి, చెప్పుకుని, అప్పుడు అమ్ముతా," అంది.

తద్దినానికి నాలుగు రోజుల ముందు ఆ పైపులైను మూసేశారు.

టీవీలో చెప్పింది నాకు అర్థమైనంత చెబుతాను. బావులున్న ప్రాంతం వాళ్లు "చమురు మా నేలలోది, మేమే అమ్ముకుంటాం" అన్నారు. రాజధానిలో ఉన్నవాళ్లు "దేశం మాది, మమ్మల్నడక్కుండా ఎలా అమ్ముతారు" అని, ఆ చమురును దాటనిస్తున్న పక్క దేశం మీద కేసు వేశారు. కేసు గెలిచారు. దాంతో పక్క దేశం వాళ్లు ఠక్కున గేటు దించేశారు. బావుల్లో చమురు బావుల్లోనే ఉండిపోయింది, ఓడరేవులో ఓడలు ఖాళీగా నిలబడ్డాయి. తెనాలిలో బావ షేర్లు కొన్న మేడమీద ఆఫీసులో మా అక్క షేర్లు వారం తిరక్కుండా సగానికి పడిపోయాయి.

నేను ఏడ్చాను. అక్క ఏడవలేదు. తద్దినం పెట్టింది. ఆ మర్నాడు రేపల్లె ప్యాసింజరు దిగి, తనలాగే కౌలుకు చేసుకునే ఇద్దరు ఆడవాళ్లను వెంటబెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. ముగ్గురి చేతుల్లో మూడు పెద్ద క్యారియర్లు.

"ఏంటక్కా, ఎవరింట్లో పెళ్లి?" అన్నాను.

"షేర్లాఫీసుకే. గేటెత్తేదాకా అక్కడే కూర్చుంటాం. నువ్వూ చీర మార్చుకుని రా."

మీకు నవ్వొస్తుందేమో గానీ, వాళ్ల ఊళ్లో అది నవ్వులాట కాదు. నాట్లప్పుడు నీళ్లు దిగిరాకపోతే ఆడవాళ్లు క్యారియర్లు కట్టుకుని పైన లాకుల దగ్గరికి వెళ్తారు. గేట్లు ఎత్తి దించే లస్కరు ఉంటాడు కదా, ఆయన గది ముందు కూర్చుంటారు. తిట్టరు, అరవరు. మధ్యాహ్నం కాగానే ఆయనకే ముందు అన్నం వడ్డిస్తారు. వాళ్ల అన్నం తిని, వాళ్ల మొహాలు చూస్తూ ఎంతసేపని ఊరుకుంటాడు? పై ఆఫీసరుకు ఫోన్ చేస్తాడు, సాయంత్రానికి గేటు లేస్తుంది. షేర్లాఫీసంటే లాకుల్లాంటిదే అనుకున్నారు వాళ్లు. డబ్బు ఆగింది అక్కడ కదా, గేటు కూడా అక్కడే ఉండాలి మరి!

మందులషాపు పైన ఆ ఆఫీసు. గోడనున్న తెరల నిండా ఎర్ర అంకెలు. జనం కిక్కిరిసి ఉన్నారు. బట్టలకొట్టు నడిపే ఒకాయన తల పట్టుకుని, "అమ్మెయ్యండి సార్, మొత్తం అమ్మెయ్యండి, రేపు ఇది కూడా రాదు!" అని అరుస్తున్నాడు. అక్క వాళ్లు గోడవారగా చాప పరిచి కూర్చున్నారు. నాకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

ఆఫీసాయన నలభై దాటిన మనిషి, కళ్లజోడు. పరుగున వచ్చాడు. "ఏంటక్కగారూ, ఏం కావాలండి?"

"గేటెప్పుడు ఎత్తుతారు తమ్ముడూ?"

"ఏ గేటండి?"

"చమురుది."

ఆయనకు అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. "అది ఇక్కడ లేదండి! అది ఎక్కడో సముద్రాల అవతలండి! నేనెత్తేది కాదండి!"

"లస్కరు కూడా ముందు అదే అంటాడు," అంది అక్కతో వచ్చిన ఒకావిడ.

అందరూ నవ్వారు, తల పట్టుకున్న బట్టలకొట్టాయనతో సహా. అక్కకు మాత్రం ఆ మనిషి మొహం చూస్తే అబద్ధం చెప్పడం లేదని తెలిసిపోయింది. పొరపాటు తనదేనని ఒప్పుకుంది. అయినా లేవలేదు. "ఎటూ వచ్చాం, మధ్యాహ్నమైంది. కూర్చో తమ్ముడూ, ఓ ముద్ద తిను," అని క్యారియర్ విప్పింది. ఎండురొయ్యల ఇగురు, గోంగూర పచ్చడి. వాసనకు ఆఫీసంతా ఇటు తిరిగింది. పొద్దున్నుంచి తిట్లు తప్ప ఏమీ తినని ఆ మనిషి, కాసేపు నసిగి, కూర్చున్నాడు. బట్టలకొట్టాయన కూడా విస్తరాకు అందుకున్నాడు.

ఆఫీసాయన రెండో ముద్దలో ఉండగా అక్క అడిగింది. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"గేటు దించినోళ్లకి ఏం పోతుంది తమ్ముడూ?"

ఆయన చెయ్యి ఆగిపోయింది. "ఏంటండీ?"

"పై ఊరోళ్లు మా నీళ్లాపితే వాళ్ల చేలు తడుస్తాయి. వాళ్లకి లాభం, అందుకే ఆపుతారు. మరి ఈళ్లకేం లాభం?"

"లాభం లేదండి. చమురు దాటినందుకు ఆ దేశానికి అద్దె వస్తుంది. ఇప్పుడు అదీ పోయింది. బావులోళ్లకి జీతాలివ్వడానికి డబ్బుల్లేవు. రాజధానోళ్లకీ ఆదాయం తగ్గింది. ముగ్గురికీ నష్టమేనండి."

"అయితే ఎత్తుతారు," అంది అక్క. "ముగ్గురి చేలూ ఎండుతుంటే ఎన్నాళ్లు పంతం పడతారు? కానీ ఎప్పుడెత్తుతారో నువ్వు చెప్పలేవు, అంతేగా?"

"దేవుడు కూడా చెప్పలేడక్కగారూ."

పొద్దున్నుంచి అందరూ ఎంత పడింది, ఎంత పడింది అనే అడిగారుగానీ, గేటు దించినోళ్లకి ఏం పోతుందని ఒక్కరూ అడగలేదన్నాడాయన.

నేను అక్కను మెట్ల మీదకు లాగి, మొత్తం అమ్మేయమని బతిమాలాను. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, నాకు భయం తప్ప ఆలోచన లేదు. అక్క నా చెయ్యి తీసి పట్టుకుంది.

"నీళ్లు చాలనప్పుడు మేమేం చేస్తామే? ఎకరమంతా తడపాలని చూస్తే ఎకరమంతా ఎండుద్ది. గట్టు వేసి సగం వదిలేస్తాం. ఉన్న నీళ్లన్నీ సగానికే పెట్టి బతికిస్తాం. మిగతా సగానికి వానొస్తే చూసుకుంటాం."

లోపలికి వెళ్లి షేర్లలో సగం అమ్మమంది. పడిన ధరకే అమ్మింది. బావ చెమట అలా పావలాకీ అర్ధకీ పోతుంటే చూడలేక నేను మొహం తిప్పుకున్నాను. అక్క వేలిముద్ర వెయ్యలేదు, సంతకం పెట్టింది, తన పేరు గుండ్రంగా, తొందర లేకుండా.

మినుము పీకేశాక, ఆ గింజల డబ్బు, చేతి గాజులమ్మిన డబ్బు కూడా కలిపితే అరెకరానికి సరిపోయింది. ఇద్దరం బాపట్ల వెళ్లాం. మాస్టారు వసారాలో పడక్కుర్చీలో ఉన్నారు.

"ఎకరం కొనలేను మాస్టారూ. అరెకరం ఇవ్వండి. తూము వైపుది," అంది అక్క.

తూమంటే కాలువలోంచి చేలోకి నీళ్లు దిగే దారి. మాస్టారు కళ్లజోడు తీసి చూశారు. "తూము వైపుది నీకిస్తే, వెనక అరెకరాన్ని ఆ చెరువుల ఆయన ఏం చేసుకుంటాడమ్మాయ్?"

"ఏం చేసుకోలేడండి. అందుకే ముందే చెబుతున్నా. వెనకాల తెలిసి మీరు నన్ను తిట్టుకోకూడదుగా."

"నా ఇంటికొచ్చి నా ఎదురుగానే నాకు గొయ్యి తవ్వుతున్నావన్నమాట!"

"గొయ్యి తవ్వేది ఆయనండి, మీ ఎకరమంతా. నేను నాట్లేస్తానంటున్నా. వెనక అరెకరం మీ పేరే ఉంచండి, కౌలు ఎప్పట్లాగే ఇస్తా. వరి వేసేవాళ్లకెవరికైనా అమ్ముకోండి, నా చేలోంచి నీళ్లు వదులుతానని కాగితం రాసిస్తా. చెరువుకైతే వదలను."

మాస్టారు కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. లోపల్నుంచి మోకాళ్లు పట్టుకుని మాస్టారి భార్య గుమ్మంలోకి వచ్చింది. "ఆపరేషనుకి సగం డబ్బు చాలుతుందిగా! పద్దెనిమిదేళ్లు మనకు కౌలు బియ్యం కొలిచిన పిల్లతో బేరాలేంటండీ!"

మాస్టారు నవ్వేశారు. "ముప్ఫై అయిదేళ్లు పాఠాలు చెప్పానే, ఇంత నిజం చెప్పి నన్ను ఇరికించినవాళ్లు లేరు," అన్నారు. రిజిస్ట్రేషను ఆ నెలలోనే అయింది.

పైపులైను తెరవడానికి రెండేళ్లు దాటింది. బట్టలకొట్టాయన ఆ రోజే అంతా అమ్మేసుకున్నాడు. అసలేమీ అమ్మకుండా ఉంచుకున్న కొందరు, రేపో మాపో అని కాచుక్కూర్చుని, అవసరానికి డబ్బు చేతికి రాక అల్లాడారు. ఆఫీసాయన ఫోన్ చేసేసరికి అక్క నాట్లలో ఉంది. పక్కనే ఉన్నాను, బురద చేతులు కదా, ఫోను నేనే తన చెవి దగ్గర పెట్టాను.

"తెరిచారక్కగారూ!"

"ఎంతెత్తారు?"

"కొంచెమేనండి. మునుపు వచ్చినదాంట్లో సగం కూడా రావడం లేదు."

"అయితే మిగతావి ఉంచు తమ్ముడూ. తొందరేం లేదు," అని మళ్లీ నడుం వంచింది.

వెనక అరెకరం ఇప్పటికీ మాస్టారిదే, చేసేది అక్కే. ఆ చుట్టుపక్కల చాలా పొలాలు చెరువులయ్యాయి. ఆ నీళ్ల మధ్య మా అక్క ఎకరం ఒక్కటే పచ్చగా కనిపిస్తుంది, బస్సు కిటికీలోంచి కూడా. నాకంటే ఎక్కువ చదివినవాళ్లను చాలామందిని చూశాను. భయం కమ్మినప్పుడు అక్కలా ఒక్క సరైన మాట అడిగినవాళ్లను చూడలేదు.

మీ ఇల్లు చల్లగా ఉండాలి తల్లీ. కష్టం వచ్చిన రోజున మీ ఇంట్లో ఒక్కరైనా నిదానంగా ఆలోచించేవాళ్లుండాలి, వాళ్ల మాట మిగతావాళ్లు వినాలి. మీ గుమ్మంలోకి ఆకలితో వచ్చినవాళ్లకు పెట్టగా, మీ పిల్లలకు మిగలాలి.