కల్లం పక్కన కుట్టిన పుస్తకాలు

మా పెద్దత్తయ్య కిందటి నెలలో పోయారు. పొద్దున్నే కాఫీ పట్టుకుని వెనకగదిలోకి వెళితే, మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. పిలిస్తే పలకలేదు. చూడవచ్చిన వాళ్లంతా "కన్నకూతురిలా చూసుకున్నావమ్మా" అని నన్ను మెచ్చుకుని వెళ్లారు. ఆ మెప్పు నాకు చెల్లదని చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

ఆవిడ మా మామగారికి వదినగారు. చిన్న వయసులోనే భర్త పోయారు, పిల్లలు లేరు. అణాలు పోయి నయాపైసలు వచ్చిన కొత్తలో నేను ఈ ఇంటికి కాపురానికి వచ్చాను. సత్తెనపల్లికి నాలుగు మైళ్లు మా ఊరు. ఇంటి వెనకే మిరపకల్లం. కాయలు ఎండబోసిన రోజుల్లో ఇంట్లో ఎవరు తుమ్మినా ఎవరూ పట్టించుకోరు. ఆ కల్లం పక్కన తాటాకు పందిట్లో కూర్చుని ఆవిడ బొమ్మల పుస్తకాలు చేసేవారు.

చేయడమంటే మొదటినుంచి చివరిదాకా ఆవిడే. దళసరి కాగితం తెప్పించి మడతలు పెట్టి, మా చేలో పత్తితో తానే పురిపెట్టిన దారంతో కుట్టేవారు. అట్టలకు పాత మంగళగిరి చీరల ముక్కలు. పురుగు పట్టకుండా పిండి జిగురులో చిటికెడు మైలుతుత్తం. దీపపు మసి, పసుపు, నీలిమందు, ఎర్రమట్టి, ఇవే రంగులు. ఏడాదికి ఒక్కటే పుస్తకం, అదీ మిరప కోతలప్పుడే. తొడిమలు తీసే ఆడవాళ్ల మధ్య కూర్చుని వాళ్లనే బొమ్మలు వేసి, కింద వాళ్లన్న మాట ఒకటి రాసేవారు. మధ్యమధ్య తానూ రెండు గుప్పిళ్ల కాయలకు తొడిమలు తీసేవారు. అందుకే ప్రతి పేజీ అంచునా ఎర్రటి వేలిముద్ర ఉండేది.

"ఈ గోలలో ఎలా వేస్తారు పెద్దత్తయ్యా?" అని ఒకసారి అడిగాను.

"గోల లేకపోతే నాకేం తోస్తుందమ్మాయ్? వాళ్లు మాట్లాడతారు, నా చెయ్యి వింటుంది" అన్నారు.

నేను స్కూలు ఫైనలు చదివినదాన్ని. బొమ్మలు వేసేవాళ్లకు ప్రశాంతమైన గది, బల్ల, కిటికీ ఉండాలని నా నమ్మకం. అయితే ఆవిడను పందిట్లోంచి కదిలించడానికి అది నాకు నేను చెప్పుకున్న కారణం. అసలు కారణం వేరు. ఒకనాడు ఒంగోలు నుంచి మా ఆయన స్నేహితులు భార్యలతో వచ్చారు. పెద్దత్తయ్య పందిట్లోంచి లేచి, తలమీద దుమ్ముతో, ఎర్రటి చేతులతో వచ్చి వాళ్ల పక్కనే కూర్చున్నారు. "మీ పనిమనిషికి చనువెక్కువే" అని ఒకావిడ మెల్లగా నాతో అంది. నేను కాదనలేదు. నవ్వి ఊరుకున్నాను. పెద్దత్తయ్యకు ఆ మాట వినపడిందో లేదో ఇప్పటికీ తెలియదు.

ఆ వారంలోనే ఆవిడ సరంజామా వెనకగదిలోకి మార్పించాను. మిరప ఘాటుకు దగ్గు వస్తోందని అందరికీ చెప్పాను. ఆ దగ్గు ఇంటిల్లిపాదికీ ఉండేది. గదికి సున్నం కొట్టించి, బల్ల వేయించి, గుంటూరు నుంచి రంగుల పెట్టె తెప్పించాను. పందిట్లోని ఆడవాళ్లు ఆవిడ కోసం వస్తే, ఒంట్లో బాగాలేదని చెప్పి పంపేశాను.

ఆ ఏడు పుస్తకం రాలేదు. మరుసటేడూ రాలేదు. పెద్దతనం అనుకున్నాను. మూడో ఏడు కోతలు మొదలయ్యాక, "అమ్మాయ్, ఒక్క నెల నన్ను పందిట్లో కూర్చోనివ్వవే" అన్నారు. ఇంటికి పెద్దావిడ, నన్ను అడిగారు. "చూద్దాం లెండి" అన్నాను. నేను చూసేలోపు కాయలు బస్తాలకెక్కాయి, పందిరి విప్పేశారు.

ఆ వేసవిలో ఒక పుస్తకం చేశారు. ఏ పేజీ తిప్పినా తెల్లటి గోడ, కిటికీ, నాలుగు ఊచలు. అంతే.

"ఇదేం బొమ్మ పెద్దత్తయ్యా?" అన్నాను.

"ఇక్కడ కనపడేది ఇదేగా" అన్నారు మామూలుగానే.

నాకు నవ్వొచ్చింది. రాత్రి భోజనాల దగ్గర చెప్పి అందరినీ నవ్వించాను. ఆవిడా అక్కడే కూర్చుని అన్నం కలుపుకుంటున్నారు.

పెద్దకర్మ మర్నాడు తొడిమలు తీసే ఆడవాళ్లు పనిలోంచి లేచి వచ్చి, పెద్దమ్మగారి పుస్తకాలు ఒకసారి చూపించమన్నారు. వసారాలో పరిచాను. "ఇదిగో నా ముక్కుపుడక." "ఇది మా అత్తే, నోరెంత తెరిచిందో చూడు." ఏడుస్తూనే నవ్వుకున్నారు. కుట్లలోంచి మిరపదుమ్ము రాలి అందరం తుమ్మాం.

చివరికి గోడ బొమ్మల పుస్తకం వాళ్లలో పెద్దామె చేతికి వచ్చింది. ఒక్కొక్క పేజీ తిప్పింది. ఆమె నవ్వలేదు.

"ఈ గదిలోనేనా అమ్మా పెద్దమ్మగారిని కూర్చోబెట్టింది?" అంది.

తల ఊపాను.

పుస్తకం మూయబోతూ ఆగింది. ఆమె చేతి ఎరుపు కాగితానికి అంటింది. "మరక పడిందమ్మా" అంటూ కొంగుతో తుడవబోయింది.

"వద్దు, ఉండనివ్వు" అన్నాను.

ఆ తెల్లగోడ అంచున ఒక ఎర్రటి వేలిముద్ర. ఆ పుస్తకం మొత్తానికి అదొక్కటే.