బావగారి బీపీ మాత్ర

బస్సులో కిటికీ సీటు దొరికిన రోజే ఎండ కూడా అటువైపే కాస్తుంది. నర్సీపట్నంలో ఆగిన బస్సులో లాప్‌టాప్ ఒడిలో పెట్టుకుని మాడుతున్నాను. నా వెబ్‌పేజీ ఆఫీసు సర్వర్‌ని నేరుగా డేటా అడగడానికి బ్రౌజర్ ఒప్పుకోవడం లేదు. సాయంత్రంలోగా ఒప్పించకపోతే నా ఉద్యోగం ఇంకొకరికి పనికొస్తుంది.

పక్కనున్న పెద్దావిడ ముందు సీట్లోని పెద్దాయన్ని చూపించింది. "మా బావగారు, మా ఆయనకి అన్న. ఆయనతో నేను మాటాడకూడదు. బీపీ మాత్ర ఏసుకున్నారేటో అడుగు బాబూ."

అడిగాను.

"ఏసుకున్నానని సెప్పు," అన్నారాయన, మూరెడు దూరం నుంచి. చెప్పాను.

అప్పుడు వెలిగింది. పేజీ నా లాప్‌టాప్‌లోనే ఒక చిన్న సర్వర్‌ని అడగాలి. ఆఫీసుని అడిగి తెచ్చే పని దానిది. దాన్నే ప్రాక్సీ అంటారు. నాలుగు లైన్లు రాస్తే పనిచేసింది.

నా పేజీకీ మీలాగే మధ్యలో ఒకరిని పెట్టానని ఆవిడకి ఉన్నదున్నట్టు చెప్పాను.

"మా తోటికోడలు బతికున్నన్నాళ్ళూ మా ఇద్దరి మధ్యా ఆ పని ఊరికే సేసింది. నీకు జీతమిత్తారేటి?"