పండుగప్పని వదిలేసిన ఆదివారం

మా ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రాదు. అలాంటి ఇంట్లో పుట్టిన నాకు నలభై దాటాక చేపల పిచ్చి పట్టింది. తినే పిచ్చి కాదు, పట్టే పిచ్చి. తెనాలి నుంచి రేపల్లె స్కూలుకి బదిలీ అయ్యాక, అక్కడి లెక్కల మాస్టారు ఒకసారి పెనుమూడి దగ్గర కృష్ణలో వాళ్ళ మామగారి ఇంజను పడవ ఎక్కించాడు. అంతే, ఇక ఆదివారం వస్తే ఇంట్లో కాలు నిలిచేది కాదు.

బతికున్న రొయ్యని ఎరగా గుచ్చడం నావల్ల కాదని మొదటిరోజే చెప్పేశాను. అందుకని జిగ్గులు తెప్పించాను. సీసపు తల ఉన్న కొక్కేనికి రబ్బరు తోక తొడిగితే అదే జిగ్గు. పడవకి చెరో పక్కా ఒక రాడ్డు బిగించి, లైను వదిలి, ఇంజను బాగా తగ్గించి జిగ్గుల్ని వెనకాల లాక్కుంటూ పోవాలి. కట్టడం నా పని. బురదనీళ్ళయితే చిలకపచ్చ తోక, తేటనీళ్ళయితే తెల్లది. ముడిని నోటితో తడిపి బిగించేవాణ్ణి. ఇంకొకరిని చెయ్యి పెట్టనిచ్చేవాణ్ణి కాదు.

పడ్డ చేపని మళ్ళీ నీళ్ళలో వదిలేయాలన్నది కూడా నేను పెట్టిన నియమమే. నాకు పాపం అంటుకోకూడదు కదా! లెక్కల మాస్టారిది లూథరన్ క్రైస్తవ కుటుంబం, చేపలంటే ప్రాణం. అయినా నాకంటే చిన్నవాడు, మొహమాటస్తుడు. అలాగేనండి సార్ అన్నాడు. నావల్ల ఒక మనిషికి జీవకారుణ్యం అబ్బిందని నేను లోలోపల మురిసిపోయాను కూడా.

పోయిన వేసవిలో బాపట్ల నుంచి వాళ్ళమ్మ వచ్చింది. జ్వరం తగ్గి రోజులు గడుస్తున్నా అన్నం ముట్టడం లేదు. ఆ ఆదివారం నేను జిగ్గు కడుతుంటే అతను నెమ్మదిగా అన్నాడు.

"అమ్మకి నోరు చేదుగా ఉందంట సార్. పండుగప్ప పులుసైతే రెండు ముద్దలు తింటానంటోందండి. ఐసులో పెట్టిన చేపైతే వాసన పట్టేస్తది."

అంతకంటే విడమరిచి ఎవరడుగుతారు? నేను విన్నాను. మజ్జిగలో శొంఠి వేసి ఇవ్వమని సలహా కూడా ఇచ్చాను. తర్వాత ముడి బిగించడంలో పడి ఆ మాటే మరిచిపోయాను.

పొద్దు వాలుతుండగా పడవ ఒక లంక పక్కన మలుపు తిరిగింది. తిరిగేటప్పుడు లోపలి పక్క జిగ్గు కిందికి దిగుతుంది. అక్కడే పట్టింది. రాడ్డు వంగిపోయింది. చివరికి పైకి వచ్చింది పండుగప్ప, చేతికి బరువైనది, వెండిలా మెరుస్తున్నది. దాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని ఫోటో తీయమన్నాను. తీశాడు. నేను పడవ అంచు మీదికి వంగితే అతని చెయ్యి చేప వైపు ముందుకొచ్చింది. వచ్చి ఆగిపోయింది. చేప నీళ్ళలోకి జారిపోయింది. ఎందుకొచ్చిందో ఆ చెయ్యి అని కూడా నేను ఆలోచించలేదు. అప్పటికే ఫోటోని స్టేటస్‌లో పెట్టే పనిలో ఉన్నాను.

భోజనం చేసి వెళ్ళమంటే వాళ్ళింటికి వెళ్ళాను. గుమ్మంలోనే మసాలా వాసన తగిలింది. వంటగది గట్టు మీద చింతపండు నానబెట్టి ఉంది, పక్కన మట్టి దాక కడిగి బోర్లించి ఉంది. అతని భార్య ఎదురొచ్చి మా చేతుల వైపు చూసింది. ఆమె చేతిలో ఫోను ఉంది. నా స్టేటస్ చూసే చింతపండు నానబెట్టిందని అప్పుడు వెలిగింది నా బుర్రకి.

కుర్చీలో కూర్చున్న పెద్దావిడ కొడుకుని అడిగింది.

"పడిందా నాయనా?"

"లేదమ్మా. ఇయ్యాళ ఒక్కటీ పడలా."

అతను నా వైపు చూడలేదు. భార్య అతన్ని చూసింది, ఫోను బల్ల మీద బోర్లా పెట్టి, పడలేదంట అత్తయ్యా అని తనూ అంది. నిజం చెప్పడానికి నేను నోరు తెరవాల్సింది. తెరవలేదు. నా పరువు కోసం ఆ ఇద్దరూ పెద్దావిడ దగ్గర అబద్ధమాడుతుంటే, సిగ్గులేకుండా కాళ్ళు కడుక్కుని వాళ్ళతోపాటు కూర్చున్నాను.

నాకోసం విడిగా పప్పు వండారు. కొత్త స్టీలు కంచం తీశారు. ఎవరూ ముద్ద ఎత్తకముందే పెద్దావిడ కళ్ళు మూసుకుంది.

"ప్రభువా, ఈ బాబుగారు తినేవారు కాకపోయినా నాకోసం ఎండనపడి తిరిగొచ్చారయ్యా. వారినీ, వారి పిల్లల్నీ చల్లగా చూడు తండ్రీ."

కొడుకూ కోడలూ ఆమెన్ అన్నారు. నేను అన్నంలో పప్పు కలుపుకున్నాను. ఆవిడ పెరుగన్నం ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, ఇక చాలమ్మా అని కంచం పక్కకి జరిపేసింది.