సన్న సెల్లుల పార్సిల్

దయ్యాల మాట ఎత్తితే మా ఇంట్లో అన్నం ముందు నుంచి లేపేసేవారు. మాది చేవెళ్ల దగ్గర ఆలూరు. మా నాయన చర్చిలో సంఘపెద్ద. పోయినవాళ్లు దేవుని దగ్గర నిద్రపోతారు, వాళ్లకు మనతో పనేమీ ఉండదు అని ఆయన ఒక్క మాటలో తేల్చేసేవాడు. నేనూ అదే నమ్మాను. కాలేజీలో ఎవరైనా తెల్లచీర కథలు మొదలుపెడితే టీ గ్లాసు పట్టుకుని పక్కకు పోయేవాణ్ణి. అందుకే ఇది రాయడానికి ఇన్నేళ్లు వెనకాడాను.

నేను మొయినాబాద్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఆఫీసులో క్లర్కుని. నా భార్య సుజాత గచ్చిబౌలిలో ఒక కంపెనీ బ్యాక్ ఆఫీసులో పనిచేసేది. చేవెళ్లలో కిరాయికి ఉండేవాళ్లం. పిల్లలు లేరు. ఐటీ డబ్బు మా రోడ్డు పొడవునా ఫారంహౌసులై లేస్తున్న రోజులవి. పొద్దున్నే ఆమె కంపెనీ క్యాబ్ ఎక్కేది, నేను బస్సెక్కేవాణ్ణి.

ఒక వానాకాలం ఆమెకు జ్వరం వచ్చింది. ఊపిరితిత్తులకు పాకిందన్నారు. సిటీ దవాఖానలో చేర్చాను. చివరి రోజుల్లో ముక్కుకూ నోటికీ మాస్కు పెట్టేశారు. దాని లోపల నుంచి ఏదో చెప్పబోయేది. నాకు ఒక్క ముక్క కూడా అర్థమయ్యేది కాదు. అట్లాగే పోయింది.

ఆ ఇంట్లో ఉండలేక మొయినాబాద్‌లో చిన్న ఇల్లు చూసుకున్నాను. వచ్చాక ఇంకో దిగులు పట్టుకుంది. ఈ ఇల్లు సుజాత చూడలేదు. ఇక్కడ ఏ గోడకూ ఆమె మేకు కొట్టలేదు, ఏ కిటికీలోంచీ బయటికి చూడలేదు. ఇట్లాంటివి నమ్మని మనిషినే, అయినా ఆమెను చేవెళ్లలో ఒంటరిగా వదిలేసి వచ్చానన్న ఆలోచన మాత్రం పోలేదు. నేను ఎక్కడున్నానో ఆమెకు తెలియదు కదా అనుకునేవాణ్ణి. ఆదివారం ఆలూరులో ఆమె సమాధి దగ్గరికి వెళ్లి, తిరిగి వస్తూ చేవెళ్లలో దిగి పాత ఇంటి ముందు నిలబడేవాణ్ణి. తాళం వేసి ఉండేది. ఇంటి ఓనరు నర్సింలన్న అది చూసి, ఇల్లు ఇంకా ఖాళీగానే ఉంది, కావాలంటే మళ్లీ వచ్చెయ్యమన్నాడు. వస్తానన్నాను కూడా, వెళ్లిపోదామనే దాదాపు అనుకున్నాను.

ఆ రోజుల్లోనే గోడ గడియారం ఆగిపోయింది. ఇంట్లో చప్పుడంటూ ఉంటే అదొక్కటే. అది కూడా ఆగేసరికి తట్టుకోలేకపోయాను.

మూల మీది కిరాణా షాపులో గడియారంలో వేసే సెల్లులు దొరుకుతాయి. కానీ ఎండకు వేలాడేసి ఉంచుతారు, వారానికే తెల్లపొడి కక్కుతాయి. సుజాత వాటిని ఇంట్లోకి రానిచ్చేది కాదు. మా వైపు ఆన్‌లైన్ కొనుగోళ్లు అప్పుడప్పుడే మొదలవుతుంటే, ఆమె సెల్లులు కూడా డబ్బాలకు డబ్బాలు తెప్పించేది. నేను నవ్వేవాణ్ణి. ఇప్పుడు ఆఫీసు కంప్యూటర్‌లో ఆమె అకౌంటే తెరిచాను. పైన 'హలో సుజాత' అని కనబడింది. ఆ పేజీ మూయడానికి చాలాసేపు చెయ్యి రాలేదు. నిజం చెప్పాలంటే గడియారం కంటే ఆ పేరు కోసమే ఆర్డర్ పెట్టానేమో.

కొత్త ఇంటి అడ్రసు రాశాను. ఫోన్ నంబరు మాత్రం దానంతటదే ఆమెది పడిపోయింది, నేను చూసుకోలేదు. రీచార్జి లేక ఆ నంబరు ఎప్పుడో ఆగిపోయింది. ఫోను బీరువాలో ఉంది, చార్జింగ్ కూడా లేదు.

మా దగ్గర అడ్రసు ఎంత వివరంగా రాసినా ఇల్లు దొరకదు. ఇంటి నంబర్లు వరసలో ఉండవు. పార్సిల్ తెచ్చేవాళ్లు మెయిన్ రోడ్డు మీద బండి ఆపి ఫోన్ చేస్తారు, మనం దారి చెప్పాలి. ఎవరూ ఎత్తకపోతే కిరాణా షాపులో ఇచ్చేసి పోతారు. సుజాతకు దారి చెప్పడం వెన్నతో పెట్టిన విద్య. వారానికో కొత్త క్యాబ్ డ్రైవరు వచ్చేవాడు మరి. ఎటు తిరగాలో కాదు, ఎక్కడ తప్పిపోతారో అది ముందు చెప్పేది.

ఒక సెలవు రోజు సాయంత్రం, ఇంకా ఎండ పోకముందే, గేటు చప్పుడైంది. ఆ గేటు కొత్తవాళ్లకు తెరవడం రాదు. గొళ్లెం పైకి లేపి లోపలికి నూకాలి. అందరూ గుంజుతారు, నేను లేచి వెళ్లాలి. ఆ రోజు వచ్చినతను మాత్రం గొళ్లెం లేపి, నూకి, నేరుగా మెట్ల దగ్గరికి వచ్చాడు. నడివయసు మనిషి. పేరు యాదయ్యనట, అంతకుముందు ఆటో నడిపేవాడట.

పార్సిల్ చేతికిచ్చి, "మేడం లోపల ఉన్నదా సార్? దారి మస్తు మంచిగ చెప్పింది" అన్నాడు.

ఏ మేడం అని అడిగాను. పార్సిల్ మీది పేరు చూపించాడు. తర్వాత ఆమె చెప్పినదంతా వరసగా అప్పజెప్పాడు. రెండు సింహాల ఫారంహౌస్ గేటు కనబడిందంటే దాటిపోయినట్టే, వెనక్కి తిరగాలి. పిండిగిర్ని పక్క సందులోకి రావాలి. ఆకుపచ్చ గేటు. గొళ్లెం లేపి నూకాలి, గుంజితే రాదు.

మెట్టు మీద కూర్చుండిపోయాను.

"ఇంకో మాట గూడ చెప్పమన్నది సార్" అన్నాడు యాదయ్య. "అవి సన్న సెల్లులు, గడియారానికి పట్టయి, ఆయనకు చెప్పు అన్నది. అన్నిటికి తొందరే ఆయనకు అన్నది."

డబ్బా టేపు వేసి ఉంది. లోపల ఏముందో పైన రాసి లేదు. చింపి చూశాను. నేను పెద్ద సెల్లులు అనుకుని రిమోట్లలో వేసే సన్నవి తెప్పించాను. గడియారంలో పెడితే జారిపోయాయి.

యాదయ్య ఫోను అడిగి చూశాను. చేసిన కాల్స్‌లో పైనున్నది సుజాత నంబరే. నిమిషాల తరబడి మాట్లాడినట్టు చూపిస్తోంది. నా ఫోను నుంచి కలిపాను. ఆ నంబరు వాడుకలో లేదని రికార్డు గొంతు చెప్పింది. యాదయ్య తన ఫోను నుంచి కలిపాడు. అదే గొంతు.

అప్పుడు చెప్పాను, ఆమె పోయి ఏడాది కావస్తోందని. పారిపోతాడనుకున్నాను. పారిపోలేదు. టోపీ తీసి నా పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. మంచినీళ్లిస్తే గ్లాసు అట్లాగే పట్టుకుని ఉన్నాడు.

చాలాసేపటికి, "గొంతుల కష్టమేం లేకుండె సార్. నవ్వుకుంటనే చెప్పింది" అన్నాడు.

ఆమె పోయిన రోజు కూడా రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఆ మాస్కు వెనక నుంచి వచ్చిన గురగుర తప్ప ఏడాదిగా నా చెవుల్లో ఆమె గొంతు లేదు. ఆమెకు మళ్లీ మాట వచ్చిందట, నవ్వుతోందట, పైగా నన్నే తిడుతోందట. పరాయి మనిషి ముందు వెక్కి వెక్కి ఏడ్చాను. యాదయ్య మిగతా పార్సిళ్ల సంగతి మరిచిపోయి కూర్చున్నాడు.

తర్వాత నాకు చేతనైనంత ఆరా తీశాను. ఆ నంబరు వేరే ఎవరికైనా ఇచ్చారేమోనని సిమ్ కార్డుల షాపులో అడిగాను. ఇవ్వలేదన్నారు. కాలేజీలో ఎలక్ట్రానిక్స్ సారు ఏదో లైన్లు కలిసిపోయి ఉంటాయన్నాడు. కలిస్తే కలిశాయి, ఆ దారిన పోయేవాళ్లెవరికో మా గేటు గొళ్లెం సంగతి ఎట్లా తెలిసిందని అడిగితే క్లాసుకు టైమైందని లేచాడు. ఈ మొయినాబాద్ ఇంటికి మా బంధువులెవరూ అప్పటికి రాలేదు.

సిగ్గు లేకుండా ఇంకో పని కూడా చేశాను. ఆమె నంబరుతోనే మళ్లీ ఆర్డర్ పెట్టాను. కావాలనే సన్న సెల్లులు పెట్టాను, మళ్లీ తిడుతుందేమోనని. రోజంతా గుమ్మంలో కూర్చున్నాను. ఎవరూ రాలేదు. ఫోన్ కలవలేదని పార్సిల్ కిరాణా షాపులో ఇచ్చి పోయారు.

అది ఎట్లా జరిగిందో ఇవాళ్టికీ నాకు తెలియదు. మా నాయన బతికి ఉంటే ఏమనేవాడో కూడా తెలియదు. చర్చిలో పాస్టరుగారికి చెప్పలేదు.

యాదయ్య వచ్చిపోయిన మరుసటి ఆదివారం మాత్రం నేను చేవెళ్లలో దిగలేదు. ఆలూరు నుంచి నేరుగా ఇంటికి వచ్చి నర్సింలన్నకు ఫోన్ చేసి, ఇల్లు వేరేవాళ్లకు ఇచ్చుకోమన్నాను.

"మొన్ననే వస్తనంటివి గద. ఒక్కనివి ఆడ ఏం జేస్తవు?" అన్నాడాయన.

ఏం చెప్పాలో ముందుగా అనుకోలేదు. నోటికి అదే వచ్చింది.

"ఒక్కణ్ణి కాదన్నా. సుజాత గూడ వచ్చింది" అన్నాను.

ఆయన, మంచిగుండుండ్రి అని ఫోన్ పెట్టేశాడు.